కర్త: అజ్ఞాతం

"మేడం, మీ ఇబ్రహీంపట్నం వైపు కొత్త ఫోక్ సింగర్లు ఎవరైనా దొరుకుతారా?" అని మొన్న ఒకబ్బాయి ఫోన్ చేశాడు. పాటల చానెల్ పెట్టాడట. గొంతు మర్యాదగానే ఉంది. అయినా ఆ 'దొరుకుతారా' దగ్గర మనసు చివుక్కుమంది. కృష్ణలో వలేస్తే చేప దొరుకుతుంది. కొండపల్లి అడవిలో బొమ్మలకు పొణికి కర్ర దొరుకుతుంది, అదీ ఈ మధ్య కష్టం మీద. మనిషి దొరకడమేమిటి?

కోపం తెచ్చుకునే అర్హత నాకుందా అన్నది వేరే సంగతి. దాని కోసమే ఈ వ్యాసం.

పాడే ఆడవాళ్ళ గురించి మన పత్రికలు, టీవీలు మాట్లాడే భాష ఒకటే. 'మట్టిలో మాణిక్యం' అంటారు. 'వెలికితీశారు' అంటారు. 'వెలుగులోకి తెచ్చారు' అంటారు. మాణిక్యాన్ని ఏరుకున్నాక ఆ మట్టి సంగతి ఎవరికీ పట్టదు. ఆ మట్టిలో ఇంకా ఎంతమంది పాడుతున్నారో, ఆ మాణిక్యానికి పాట నేర్పింది ఎవరో ఎవరూ అడగరు. వెలుగు మాటకొస్తే, మా ఊరి పక్కనే థర్మల్ స్టేషన్ ఉంది. 1979లో దాని మొదటి యూనిట్ మొదలైంది. కరెంటు ఎటు పోతుందో, బూడిద ఎవరి పెరట్లో పడుతుందో చూస్తూ పెద్దదాన్నయ్యాను. అందుకే ఎవరైనా 'వెలుగులోకి తెచ్చాం' అంటే వెలుగు ఎవరిది, బూడిద ఎవరికి అని అడగడం అలవాటైపోయింది.

2018లో తూర్పుగోదావరి జిల్లా వడిసలేరులో పసల బేబి అనే వ్యవసాయ కూలీ 'ప్రేమికుడు' సినిమాలో పాట పాడుతుంటే ఎవరో ఫోన్లో తీశారు. రాష్ట్రమంతా విన్నది. సినిమా పెద్దలు పిలిచి సత్కరించారు. సంతోషమే. కానీ ఆ రోజుల్లో వచ్చిన వార్తలు గుర్తు చేసుకోండి. ఆమె గొంతు కంటే ఆమె కూలీ కావడమే పెద్ద వింత వాటిలో. పొలంలో ఉండే మనిషికి అంత గొంతు ఎలా వచ్చిందని ఆశ్చర్యం. పొలంలో పాట ఉండటం ఎప్పటినుంచి ఆశ్చర్యమయింది మనకు? నాట్లకు, కోతలకు, కలుపులకు, దంపుళ్ళకు పాట లేకుండా పని సాగిందా డెల్టాలో? పొలం పాడటం మానేస్తే ఆశ్చర్యపోవాలి గానీ.

ఇక 'సారంగ దరియా'. 2021లో 'లవ్ స్టోరీ' సినిమా కోసం ఆ పాట విడుదలైంది. సాహిత్యం సుద్దాల అశోక్ తేజ, గొంతు మంగ్లీది. అంతకు చాలాముందే 'రేలా రే రేలా' అనే టీవీ కార్యక్రమంలో ఆ పాట పాడింది తానేనని కోమల అనే గాయని ముందుకొచ్చింది. వాదాలు నడిచాయి. చివరికి ఆమెకు గుర్తింపు ఇస్తామని దర్శకుడు చెప్పాల్సి వచ్చింది. ఆ గొడవలో నన్ను బాధపెట్టింది ఒకటుంది. నెలరోజుల పాటు జనం కోమలా, మంగ్లీయా అని కొట్టుకున్నారు. ఇద్దరూ ఆడపిల్లలే. ఇద్దరూ ఎవరి అండా లేకుండా టీవీ కార్యక్రమాల మెట్లెక్కి పైకొచ్చినవాళ్ళే. మంగ్లీ లంబాడా తండా నుంచి వచ్చిన అమ్మాయి. పోట్లాట మాత్రం వాళ్ళిద్దరి మధ్య పెట్టారు. సాహిత్యం, సంగీతం అన్న రెండు గళ్ళలో ఉన్న మగవాళ్ళ పేర్లు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. జానపదం అని అందరూ ఒప్పుకున్న పాటకు గీత రచయిత గడి ఎందుకుంటుందో, ఉంటే ఆ గడిలో ఆ పాటను అంతవరకూ మోసుకొచ్చిన ఆడవాళ్ళకు ఒక ముక్కైనా ఎందుకుండదో అడిగినవాళ్ళు తక్కువ. కోమలకు ముందు ఆ పాట పాడినవాళ్ళ ఊసే లేదు.

ఇది మన సినిమావాళ్ళకే పట్టిన జబ్బు కాదు. అమెరికాలో జానపదాన్ని, పల్లె సంగీతాన్ని కలిపి 'అమెరికానా' అని పేరు పెట్టి అమ్ముతారు. 2010 నుంచి దానికి గ్రామీల్లో ప్రత్యేక బహుమతి కూడా ఉంది. ఆ దుకాణం పునాదుల్లో ఎలిజబెత్ కాటన్ కథ ఒకటుంది. నార్త్ కరోలినాలో పుట్టిన నల్లజాతి స్త్రీ. ఎడమచేతి వాటం. గిటార్ తిరగేసి పట్టుకుని తనంతట తనే నేర్చుకుంది. పన్నెండేళ్ళు నిండీ నిండకుండానే 'ఫ్రైట్ ట్రైన్' అనే పాట కట్టింది. ఆ వయసుకే ఇళ్ళల్లో పనికి కుదిరింది. తర్వాత పాట మూలపడింది. 1940లలో వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తుండగా తప్పిపోయిన ఒక పసిపిల్లను తల్లికి అప్పగించింది. ఆ తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్. స్వయంగా స్వరకర్త. జానపద గీతాల రికార్డులు వింటూ ఒక్కొక్క స్వరమూ కాగితం మీద పెట్టిన పండితురాలు. ఆ పరిచయంతో కాటన్ వాళ్ళింట్లో పనిమనిషిగా చేరింది.

అక్కడ ఆగి ఆ ఇంటిని ఒకసారి ఊహించుకోండి. ముందు గదిలో దేశం నలుమూలల నుంచి సేకరించిన పాటలు తిరుగుతున్నాయి. వెనక వంటగదిలో ఒకామె పని చేసుకుంటోంది. ఆమెకు పాట వచ్చునా అని కొన్నేళ్ళపాటు ఎవరూ అడగలేదు. గోడకు వేలాడుతున్న గిటార్ ఆమే ఒకరోజు తీసి వాయించింది. అప్పుడు 'కనుగొన్నారు'. 1958లో మొదటి రికార్డు వచ్చింది. ఈలోపు ఆ ఇంటి పిల్ల ద్వారా ఆ పాట ఇంగ్లండుకు చేరింది. అక్కడ ఇద్దరు మగవాళ్ళు అది తమదేనని హక్కులు రాయించుకున్నారు. 1957లో అది అక్కడ పెద్ద హిట్టు. తన పాట తనదని అనిపించుకోవడానికి కాటన్ పోరాడాల్సి వచ్చింది. గ్రామీ చేతికి వచ్చేసరికి ఆమెకు తొంభై ఏళ్ళు పైబడ్డాయి.

సీగర్ కుటుంబం చెడ్డది కాదు. ఆ రికార్డు తీసింది ఆ ఇంటి కొడుకే. అభ్యుదయవాదులు, ఉదారులు. మనలాంటివాళ్ళు. అందుకే ఆ కథ చదివినరోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ ఇల్లు మా ఇల్లే.

1989 వేసవిలో ఎం.ఫిల్. కోసం నేను పాటలు సేకరించాను. ఇబ్రహీంపట్నం, చుట్టుపక్కల ఊళ్ళు. అరువు తెచ్చుకున్న టేప్ రికార్డరు, పన్నెండు క్యాసెట్లు. పెళ్ళిపాటలు, అప్పగింతలు, ఊర్మిళ నిద్ర లాంటివి మా బంధువుల ఇళ్ళల్లోనే బోలెడు దొరికాయి. (చూశారా, 'దొరికాయి' అని రాశాను.) శ్రమగేయాల కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోయింది. మా పొలంలో నాట్లు వేసే మనిషి, మా ఇంటికి మినుములు చెరగడానికి వచ్చేది. మాలపల్లి మనిషి. అప్పటికి యాభై ఏళ్ళుంటాయి. నాకు పాతికేళ్ళు. ఆమె నన్ను 'అమ్మాయిగారూ' అనేది. నేను ఆమెను 'నువ్వు' అనేదాన్ని. నేను వరండాలో కుర్చీలో, ఆమె మెట్టు కింద.

ఆమె పాడిన పాటల్లో ఒకటి థర్మల్ స్టేషన్ మీద. పొగగొట్టం లేవడం, పోయిన పొలాలు, ఆరేసిన మిరపకాయల మీద రాలిన బూడిద, ఉద్యోగమిస్తామని చెప్పి గేటు దగ్గర ఆపేసిన కాపలావాడు, అన్నీ ఉన్నాయి అందులో. 1979 తర్వాత కట్టినదేనని ఎవరికైనా తెలుస్తుంది. పొగగొట్టం మీద అనాదిగా వస్తున్న పాట ఎక్కడైనా ఉంటుందా? అయినా నా సిద్ధాంత గ్రంథంలో ఆ పాట కింద నేను రాసిన మాటలు ఇవి: "శ్రమగేయం. కర్త: అజ్ఞాతం." సేకరణ అన్నచోట మాత్రం నా పేరు ఇంటిపేరుతో సహా ఉంది.

ఎందుకలా రాశానో చెప్పుకోవాలి. జానపద గేయానికి కర్త ఉండడని మాకు పాఠం. సమష్టి సృష్టి, మౌఖిక ప్రసారం, అజ్ఞాత కర్తృత్వం అనే మూడు లక్షణాలను పరీక్షల్లో వరసగా రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కర్త ఉంటే అది జానపదం కాదు. అయితే మరి కవిత్వమా? మాలపల్లి మనిషి కట్టినదాన్ని కవిత్వం అనే గది ఆ రోజుల్లో మా శాఖలో లేదు. కాబట్టి ఆ పాటకు నా గ్రంథంలో చోటు కావాలంటే ఆమె పక్కకు తప్పుకోవాలి. నేను తప్పించాను. లక్షణానికి లక్ష్యం సరిపోకపోతే లక్ష్యాన్నే చెక్కాను. దుర్బుద్ధి ఏమీ లేదు. దుర్బుద్ధి అక్కర్లేకుండానే ఈ పని జరుగుతుంది, అదే దీని బలం.

తర్వాత అది పుస్తకమైంది. ఎవరు చదువుతారులే అనుకున్నాను. ఇన్నేళ్ళకు చదివారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది కదా. ఆమె మనవరాలు అప్పుడు సింగ్ నగర్‌లో అద్దెకుంటోంది. బట్టల షాపులో పని. పడవలు పెద్ద రోడ్డు దాకా వచ్చి లోపలి సందుల్లోకి రాకపోవడం, నీళ్ళ మధ్య తాగడానికి చుక్క లేకపోవడం, మేడమీద ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు ఒకరికొకరు చీరలు అడ్డం పట్టుకోవడం, పాలప్యాకెట్టు కోసం చేతులు చాచడం. నీళ్ళు తీశాక ఇబ్రహీంపట్నంలో తల్లి ఇంటికి వచ్చి పడింది. అక్కడ కూర్చుని వాటన్నిటినీ పాటగా కట్టింది. వరస నాయనమ్మది. బూడిద పాట వరస. తమ్ముడు ఫోన్లో తీసి పెట్టాడు. నేనూ విన్నాను. రెండో చరణంలోనే ఆ వరసను గుర్తుపట్టాను. గొంతు కూడా.

నాలుగు నెలలకు, సంక్రాంతికి, అదే పాట ఒక చానెల్లో వచ్చింది. డప్పుల మోత, రంగుల లైట్లు, వేరే అమ్మాయి గొంతు, ఇంకో అమ్మాయి డాన్సు. పల్లవి అలాగే ఉంచారు. చరణాలు మార్చారు. మేడమీద ఆడవాళ్ళు ఒకరి మానం ఒకరు కాపాడుకున్న చీర, వీళ్ళ చేతుల్లో తడిసి ఒంటికి అంటుకున్న చీర అయింది. దాన్ని చూస్తున్న మగవాడి సంబరం పాటంతా. కింద 'జానపదం' అని వేశారు.

ఆ పిల్ల ఊరుకోలేదు. చానెల్ వాళ్ళకు ఫోన్ చేసింది. పల్లవి నాది, వరస మా నాయనమ్మది అంది. వాళ్ళు ఒక ఫోటో పంపారు. ఒక పుస్తకంలో పేజీ. నా పుస్తకం. బూడిద పాట. 'కర్త: అజ్ఞాతం' కింద ఎర్రగీత. "ఇది పెద్దవాళ్ళు పరిశోధన చేసి రాసిన పుస్తకం, ఈ వరస అందరిదీ" అన్నారట.

ఆ ఫోటో పట్టుకుని ఆమె మా ఇంటికి వచ్చింది. కుర్చీలోనే కూర్చుంది. "మేడం గారూ, మా నాయనమ్మ మీ ఇంట్లోనే పాడిందంట కదా, మరి మీకు పేరు తెలీదా?" అని అడిగింది. ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది.

క్యాసెట్లు బయటికి తీశాను. బూజు పట్టినవి పోగా ఆరు పలికాయి. అదృష్టమో ఏమో ఆ పాట ఉంది. పాటకు ముందు మాటలు కూడా ఉన్నాయి. "ఇది నేనే కట్టినా అమ్మాయిగారూ. పేరు చెప్పమంటారా?" అని ఆమె. "పేరెందుకులే, మొదలుపెట్టు, టేపు అయిపోతోంది" అని నేను.

ఆ మనిషి 2006లో చనిపోయింది. ఈ మాటలు ఆమె మనవరాలి పక్కన కూర్చుని విన్నాను.

ఇలా అంటే కొందరు మిత్రులు వెంటనే అందుకునే మాట నాకు తెలుసు. పాట సమష్టి ఆస్తి, దానికి సొంతదారును వెతకడమంటే పెట్టుబడిదారీ భాషలోకి దిగడమే, ఆడవాళ్ళు పాటను పంచుకున్నారు గానీ పట్టా చేయించుకోలేదు అంటారు. వినడానికి బాగుంది. అందరిదీ అయిన పాట ఆడవాళ్ళ మధ్య ఉన్నంతకాలం అందరిదే. అది మార్కెట్టులో అడుగుపెట్టిన క్షణాన ఎవరో ఒకరిది అవుతుంది. అవుతుంటే, ఆ ఒకరు ఎప్పుడూ కట్టిన మనిషి కాకపోవడమేమిటి? సమష్టి అన్న మాట ఆమె అడిగినప్పుడే గుర్తొస్తుంది, వాళ్ళు డబ్బు లెక్కపెట్టుకునేటప్పుడు గుర్తురాదు. భూమి విషయంలో కూడా ఇంతే కదా. ఊరుమ్మడి భూమి అంటూనే కంచెలు పడ్డాయి.

చట్టం సంగతి కూడా మనలో చాలామందికి తెలియదు, నాకూ మొన్నటిదాకా తెలియదు. పాట కట్టిన మనిషికి అది తనదని ఎక్కడా రిజిస్టరు చేయించనక్కర్లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కట్టిన క్షణం నుంచే హక్కు ఆమెది. ఇప్పుడున్న నిబంధన ప్రకారం ఆమె పోయిన తర్వాత కూడా 60 ఏళ్ళు వారసులది. కట్టకపోయినా, పాడిన మనిషికి వేరే హక్కుంది. 1994 సవరణ ప్రదర్శకుల హక్కును తెచ్చింది. ప్రదర్శకులు ఎవరెవరో చెబుతూ గాయకులతో పాటు గారడీవాళ్ళను, పాములాడించేవాళ్ళను కూడా పేరు పెట్టి చెప్పింది. 2012 సవరణ వాళ్ళకు రాయల్టీ కూడా ఇవ్వాలంది. పాములాడించేవాణ్ణి గుర్తుపెట్టుకున్న పార్లమెంటుకంటే నాట్లు వేసే మనిషి పేరు మర్చిపోయిన మా తెలుగు శాఖలే వెనకబడి ఉన్నాయన్నమాట.

మన అలమరాలు తెరవండి. 1899లో నందిరాజు చలపతిరావు ఏలూరులో 'స్త్రీల పాటలు' అచ్చువేసినప్పటినుంచి, 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు వేసిన 'స్త్రీల రామాయణపు పాటలు' మీదుగా, మన ఎం.ఫిల్.లు, పిహెచ్.డి.ల దాకా. ఆ సంకలనాలు లేకపోతే ఎన్నో పాటలు పోయేవి, నిజమే, ఆ ఋణం కాదనను. కానీ వాటి నిండా 'స్త్రీలు' ఉన్నారు, స్త్రీ లేదు. అందులోనూ పై కులాల ఇళ్ళ పాటకు కనీసం 'ఫలానావారి తల్లి పాడగా' అన్న మర్యాద అప్పుడప్పుడు దక్కుతుంది. పొలం పాటకు అదీ లేదు. గోగు శ్యామల 'నల్లపొద్దు' తెచ్చినప్పుడు దళిత స్త్రీలు పేర్లతో, ఊళ్ళతో, 1921 నుంచీ రచయితలుగా కనిపిస్తే మనం చప్పట్లు కొట్టాం. కొట్టి ఇంటికెళ్ళి మన సేకరణలు తిరగేశామా? నేనైతే తిరగేయలేదు.

పోనీ పేర్లు చెప్పుకోవడం మన ఆడవాళ్ళకు తెలియదా అంటే, ఈ జిల్లాలోనే తెలుసు. 1940లలో మోటూరి ఉదయం, చింతల కోటేశ్వరమ్మ, వీరమాచనేని సరోజిని మహిళా బుర్రకథ దళంగా వేదికలెక్కారు. ఆడవాళ్ళు బుర్రకథ చెప్పడమేమిటన్న కాలం అది. వాళ్ళను ఎవరూ మట్టిలోంచి తవ్వి తీయలేదు. వెనక ఉద్యమం ఉంది, సంఘం ఉంది, పాడబోయే ఊళ్ళో తిండీ పడకా చూసేవాళ్ళున్నారు. పామర్రులో పుట్టి పార్టీ వేదికల మీద పాడిన కొండపల్లి కోటేశ్వరమ్మ 2012లో 'నిర్జన వారధి' రాసి తన కథ తనే చెప్పుకుంది. ఇప్పుడు 'ఇండిపెండెంట్ ఆర్టిస్ట్' అనే మాట ఫ్యాషన్ అయింది. మా షాపుపిల్లకు ఆ ఇండిపెండెన్స్ అంటే వెనక ఎవరూ లేకపోవడం, అంతే.

చానెళ్ళు లేకపోతేనే నయమని నేననడం లేదు. సినిమావాళ్ళ గుమ్మం ముందు నిలబడక్కర్లేకుండా ఒక ఫోను ఆ పిల్ల పాటను లోకానికి వినిపించింది. చానెళ్ళలో పాడి ఇల్లు నిలబెట్టుకుంటున్న అమ్మాయిలున్నారు, వాళ్ళ కూడు చెడగొట్టే మాట నేను మాట్లాడను. అట్లాంటిక్ అవతల రియానన్ గిడెన్స్ అనే నల్లజాతి గాయని కూడా ఈ మార్కెట్టులోనే పాడుతోంది. అయితే ఆమె, ఆమె స్నేహితులు పాట నేర్చుకోవడానికి జో థాంప్సన్ అనే వృద్ధ ఫిడేలు విద్వాంసుడి ఇంటికి వెళ్ళి కూర్చున్నారు. తర్వాత ఎక్కడ వాయించినా ఆయన పేరు చెప్పారు. కష్టమైన పనేం కాదు. మన కర్ణాటక సంగీతంలో గురువు పేరు చెప్పనిదే పరిచయం పూర్తి కాదు. నాయనమ్మ గురువు కాదా?

ఫోన్ చేసిన అబ్బాయికి నేను కొన్ని షరతులు చెప్పాను. రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలి. పాట ఎక్కడ నేర్చుకుందో తెరమీద పడాలి. విడుదలకు ముందు పాడిన మనిషికి చూపించాలి, ఆమె వద్దంటే ఆపాలి. వచ్చే డబ్బులో వాటా. "మేడం, మాది అంత బడ్జెట్ కాదు" అన్నాడు. వాటా సంగతి సరే, పేరుకు బడ్జెట్ ఎందుకు బాబూ అన్నాను. మళ్ళీ చేస్తానన్నాడు. చేయలేదు.

నా వంతు నేను చేసింది చిన్నది. 1989లో ఫలానా తారీఖున, ఫలానా పాటను, ఫలానా స్త్రీ తానే కట్టానని చెప్పి నా ఎదుట పాడిందని, నా పుస్తకంలో 'అజ్ఞాతం' అని రాయడం నా తప్పని స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించాను. క్యాసెట్టు నకలు ఆమె వకీలుకిచ్చాను, నా గొంతు కత్తిరించకుండా. పన్నెండు క్యాసెట్లలో పాడినవాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ తిరుగుతున్నాను. ఇప్పటికి తొమ్మిది పేర్లు తెలిశాయి. ఈ పత్రిక చదివేవాళ్ళలో పదిమందైనా నాలాగే ఆ కాలంలో టేప్ రికార్డరు పట్టుకుని పల్లెలకు వెళ్ళినవాళ్ళున్నారు. మీ అటకల మీద కూడా క్యాసెట్లు ఉన్నాయి. అవి పూర్తిగా బూజు పట్టకముందే దింపండి. పాట దగ్గర మొదలుపెట్టకండి. పాటకు ముందున్న మాటలు వినండి.

ఇంత రాసి మళ్ళీ ఆ ఇద్దరి పేర్లూ రాయలేదేమని మీరడగాలి. అడగాల్సిందే. ఈ వ్యాసం పంపేముందు ఆ అమ్మాయికి చదివి వినిపించాను. చీర దగ్గర ఒక వాక్యం మార్చమంది, మార్చాను. పేర్లు వేయనా అంటే, కాసేపు ఆలోచించి, "ఇప్పుడొద్దు మేడం గారూ. ఈ గొడవ తేలనివ్వండి. మా నాయనమ్మ పేరు, నా పేరు నేనే రాసుకుంటా" అంది.